పుట్టింటి కార్డు

తారామణి వేరే దేశపు మనిషన్న సంగతి ఆ గల్లీలో సగం మందికి తెలియదు. తెలిసిన సగం మంది మరిచిపోయారు. చామనచాయ, నుదుటి మీద సన్నటి విభూతి గీత, కాళ్ళకు మెట్టెలు. పొద్దున్నే వాకిలి చల్లి ముగ్గేసేది. కూరగాయల బండాయన ఆమెతో బేరం పెట్టుకోవాలంటే భయపడేవాడు.

"ఏందన్నా, గీ పుచ్చు వంకాయలు మాకా? తీస్కపోయి మీ అత్తగారింట్ల వండియ్యి!"

అలా అన్నదంటే ఇక ఈ నాచారం గల్లీలో పుట్టలేదని ఎవరంటారు?

కానీ ఆమె పుట్టింది శ్రీలంకలో. హట్టన్ అనే ఊరి పక్క కొండల్లో, తేయాకు తోట కూలీల ఇళ్ళలో. ఇంట్లో తమిళం మాట్లాడేవాళ్ళు. పొట్టకూటికి దోహా పోయి ఒక ముసలమ్మను చూసుకునే పనిలో చేరింది. ఈ గల్లీ హనుమాండ్లు కొడుకు శివశంకర్ కూడా అప్పుడు దోహాలోనే ఏసీ మెకానిక్. ఆ ముసలమ్మ ఇంట్లో ఏసీ మూడు నెలల్లో ఏడుసార్లు చెడిపోయింది. చెడగొట్టింది ఎవరో శివశంకర్ ఇప్పటికీ చెప్పడు.

పెళ్ళి హట్టన్‌లో మురుగన్ గుడిలో జరిగింది. హనుమాండ్లు, ఆయన భార్య కిష్టమ్మ అప్పుడే మొదటిసారి విమానం ఎక్కారు. హనుమాండ్లు జీవితమంతా నాచారం మసాలా కంపెనీలో ప్యాకింగ్ సెక్షన్‌లో పని చేసినవాడు. రిటైరైనా చేతులకు జీలకర్ర వాసన పోలేదు. ఆ కొండల్లో తేయాకు వాసన పీల్చి, "మన మసాలా ఘాటు ముందర గిదేం ఘాటే," అని వియ్యపురాలిని నవ్వించాడు. ఆమెకు తెలుగు రాదు, ఈయనకు తమిళం రాదు. అయినా ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు.

టూరిస్టు వీసా మీద తారామణిని తెచ్చుకున్నారు. ఇక్కడికొచ్చి నింపాదిగా భార్య వీసా చేయించుకుందాం అనుకున్నారు. వచ్చిన నెలకే లాక్‌డౌన్ పడింది. ఇక్కడ చిక్కుకుపోయిన విదేశీయుల వీసాలన్నీ సర్కారే పొడిగించుకుంటూ పోయింది. ఆ మధ్యలోనే సిరి పుట్టింది. బిడ్డ పుట్టిన సంబరంలో, కరోనా భయంలో, ఆ పొడిగింపు ఏ రోజుతో ఆగిపోయిందో ఇంట్లో ఒక్కరూ చూసుకోలేదు.

ఆ పొడిగింపు ఇంకా ఉండగానే, సిరికి తొమ్మిదో నెల వచ్చినప్పుడు, తారామణికి కడుపునొప్పి మొదలైంది. మెలికలు తిరిగిపోయేది. పిత్తాశయంలో రాళ్ళు, వెంటనే ఆపరేషన్ చేయాలన్నారు. ఖర్చు సర్కారు పెట్టుకోవాలంటే రేషన్ కార్డు కావాలి. దవాఖానా కౌంటర్‌లో అడిగిన మొదటి మాట, "రేషన్ కార్డుల పేరుందా?"

అప్పుడే కొత్తగా పేర్లు ఎక్కిస్తున్నారని విని హనుమాండ్లు నాచారం చౌరస్తాలో నీరజ నడిపే ఆన్‌లైన్ సెంటర్‌కు పరుగెత్తాడు. చికెన్ షాపు పక్కన చిన్న మడిగె, ఒక్క గది దుకాణం. నీరజ ఆయన కళ్ళ ముందు పెరిగిన పిల్ల.

"కాకా, కోడలని పెడితే పుట్టింటి కార్డుల పేరు తీసేసిన కాగితం అడుగుతున్నది. అది లేకుంటే ముందుకు పోతలేదు."

"వాళ్ళ దేశంల గిసొంటి కార్డే లేదు గదనే. లేని కార్డుల కెల్లి పేరెట్ల తీస్తరు?"

"నాకు తెలుసు కాకా. సిస్టంకు తెల్వదు గద."

"ఇంకేం తొవ్వ లేదా?"

నీరజ బయటకు ఒకసారి తొంగి చూసింది. తర్వాత గొంతు తగ్గించి, "బిడ్డ అని పెడితే ఏం అడగది," అంది.

హనుమాండ్లు ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. "పెట్టు. గండ్ల అబద్ధమేమున్నది? ఆడపిల్ల లేని ఇల్లు మాది. గా పిల్ల వచ్చిన కాడికెల్లి బిడ్డనే."

"పుట్టిన ఊరు?"

"నాచారమని పెట్టు. అటెన్క సూస్కుందాం."

ఆధార్ కూడా అలాగే అయింది. కార్డు వచ్చింది, ఆపరేషన్ అయింది, తారామణి బతికింది. హనుమాండ్లు ఆ కార్డును లామినేషన్ చేయించి ఎల్లమ్మ పటం వెనక పెట్టాడు. దాంట్లో ఐదు పేర్లు. ఆయన, కిష్టమ్మ, కొడుకు శివశంకర్, కూతురు తారామణి, మనవరాలు సిరి. ఎప్పుడు తీసి చూసుకున్నా ఆయనకు దాంట్లో తప్పేమీ కనబడలేదు.

రెండేళ్ళకు ఓట్లొచ్చాయి. పార్టీవాళ్ళు ఇంటింటికీ తిరిగి ఆ కార్డులు చూసి ఓటరు లిస్టులో పేర్లు రాయించారు. పోలింగ్ రోజు హనుమాండ్లే ఆమెను స్కూలుకు తీసుకుపోయి లైన్లో నిలబెట్టాడు. వేలి మీద సిరా చుక్క చూపిస్తూ తారామణి, శివశంకర్ ఫోటో దిగారు. ఆ ఫోటో చాలా రోజులు శివశంకర్ స్టేటస్‌లో ఉంది.

* * *

నిరుడు వానాకాలంలో హట్టన్ నుంచి ఫోనొచ్చింది. తారామణి తల్లి తోటలో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. మంచంలో ఉండి కూతురి పేరే కలవరిస్తోందట.

తారామణి ఫోన్ పెట్టేసి వంటింట్లో గోడకు ఒరిగి కూర్చుంది. పొయ్యి మీద పప్పు మాడుతున్నా లేవలేదు. కిష్టమ్మే వచ్చి పొయ్యి కట్టేసింది.

"పోయి సూసి రా బిడ్డా," అంది కిష్టమ్మ.

"ఎట్ల పోవాలె అత్తా? పోతే మళ్ళ రానిస్తరా? నా పాస్‌పోర్టు తారీఖే అయిపోయింది. వీసా లేకనే నాలుగేండ్లాయె."

ఆ మాట ఇంట్లో ఎవరూ పైకి అనేవాళ్ళు కాదు. ఆమె అనేసరికి శివశంకర్ తల దించుకున్నాడు. "ఇన్నొద్దులు నడిసింది గద. ఇంకొన్నొద్దులు గిట్లనే నడిపిద్దాం. ఎవలు అడుగుతున్రు మనల్ని?" అన్నాడు.

హనుమాండ్లుకు కోపమొచ్చింది. "దొంగ లెక్క ఎన్నొద్దులురా? తల్లి సావుబతుకులల్ల ఉంటే పోలేని బతుకేం బతుకు? సర్కారుకు ఉన్నదున్నట్టు చెప్పుకుందాం. జుర్మానా ఏస్తే కడుదాం. పిల్ల తల ఎత్తుకోని పోవాలె, తల ఎత్తుకోని రావాలె."

"నాయినా, గెలికితే ఎక్కడికి పోతదో..."

"ఏం గాదు. నేనున్న గద."

ఆ మాట అన్నది తనే. ఆ తర్వాత ఎన్నోసార్లు ఆయనకు అదే గుర్తొచ్చింది. కొడుకు వద్దన్నాడు, తనే ముందుకు నెట్టాడు.

ఏఎస్ రావు నగర్‌లో జనార్ధనరావు అనే పెద్దమనిషి ఉన్నాడు. పెద్ద ఎలక్ట్రానిక్స్ కంపెనీలో ఆఫీసు పని చేసి రిటైరయ్యాడు. పాస్‌పోర్టులు, పింఛన్లు, ఏ ఫారమైనా నింపిపెడతాడు. రూపాయి తీసుకోడు, కానీ అక్షరం తప్పితే తిడతాడు. హనుమాండ్లు, శివశంకర్ పోయి ఆయన ముందు కూర్చున్నారు.

"చూడండి హనుమాండ్లు గారూ, పెళ్ళి నిజం, కాపురం నిజం, పిల్ల నిజం. ఆవిడ దొంగదారిన రాలేదు. ఆలస్యమైంది, అంతే. జుర్మానా కట్టి దరఖాస్తు పెడితే ఒప్పుకునే అవకాశం ఉంది. గ్యారంటీ మాత్రం చెప్పను. కానీ నా దగ్గర ఏదీ దాచకండి. దాచారంటే అక్కడ బయటపడుతుంది."

"దాచుడేంది సారూ, మా దగ్గర దాచెటందుకు ఏమున్నది?"

నిజంగానే ఆయనకు ఏమీ తోచలేదు. వీసా అంటే ఢిల్లీ సంగతి, దేశాల సంగతి. రేషన్ కార్డు బియ్యం సంగతి. ఎల్లమ్మ పటం వెనకున్న కార్డుకూ విదేశీయుల ఆఫీసుకూ ఏం సంబంధమని? శివశంకర్‌కు మాత్రం ఆ కార్డు మనసులో మెదిలింది. తండ్రి అంత ధీమాగా చెప్పాక నోరు తెరవలేదు.

చెన్నైలో శ్రీలంక సర్కారు ఆఫీసు నుంచి కొత్త పాస్‌పోర్టు తెచ్చుకున్నారు. జుర్మానా కట్టారు. పెళ్ళి కాగితం, సిరి పుట్టిన కాగితం, ఫోటోలు అన్నీ జనార్ధనరావు వరస తప్పకుండా ఎక్కించాడు. ఇక మిగిలింది ఒకటే, ఇంటికి వచ్చి చేసే పోలీసు ఎంక్వైరీ.

హనుమాండ్లు గల్లీ అంతా తిరిగి ప్రతి గడపలో చెప్పాడు. "సారొస్తడు. మా తార గురించి అడిగితే జర మంచిగ చెప్పున్రి."

ఎదురింటి శాంతాబాయి నొచ్చుకుంది. "గది నువ్వు చెప్పాల్నా అన్నా? నువ్వు పోయి హాయిగ పండుకో."

* * *

ఎంక్వైరీకి వచ్చినాయన మఫ్టీలో ఉన్నాడు, చేతిలో ప్యాడు. పొద్దున పదింటికి వచ్చాడు. ఇంట్లో అందరితో మాట్లాడి, టీ తాగి, సిరిని "ఏ స్కూలు?" అని అడిగి, బయటకు వచ్చి శాంతాబాయి గడప దగ్గర ఆగాడు. ఆమె మెంతికూర తుంపుతోంది.

"అమ్మా, ఎదురింటి తారామణి తెలుసా? శివశంకర్‌కు ఏమైతది?"

శాంతాబాయి మనసులో ఒకటే ఉంది. వేరే మనిషని వీళ్ళకు తెలిస్తే ఆ పిల్లను పంపేస్తారు. కాబట్టి వేరే మనిషి కాదనాలి.

"తెలుసా అంటవేంది సారూ! మా కండ్ల ముందర పుట్టింది, మా కండ్ల ముందర పెరిగింది. హనుమాండ్లన్న బిడ్డ గద."

"కోడలు కాదా?"

"ఏం కోడలు? బిడ్డనే! కావాల్నంటే కార్డు సూడున్రి."

పక్కింటామె అందుకుంది. "ఔ సారు, చిన్నప్పుడు గీ బోరింగు కాడనే ఆడుకునేది."

కిరాణా షాపాయన ఇంకో మెట్టు పైకెక్కాడు. "మా షాపుల చాక్లెట్లు కొనుక్కుంట పెరిగింది సారు. మొన్న ఓటు గూడ ఏసింది."

ఆయన ఒక్కొక్కరి మాట విని, పేరు అడిగి రాసుకుని, సంతకం పెట్టించుకున్నాడు. గడప లోపల నిలబడి వింటున్న హనుమాండ్లుకు మొదట సంతోషమేసింది. తర్వాత, ఆ పెన్ను ఆగకుండా నడుస్తుంటే, భయం మొదలైంది. బయటకు పోయి "కాదు సారూ, మా కోడలే" అందామనుకున్నాడు. అంటే ఇరుగుపొరుగు అబద్ధాలకోరులవుతారు. అనకపోతే? అనకపోతే ఏమవుతుందో ఆలోచించేలోపే వచ్చినాయన బండి ఎక్కి వెళ్ళిపోయాడు.

శాంతాబాయి చేతులు దులుపుకుంటూ వచ్చింది. "సూసినవా అన్నా, ఒక్కలమన్న తడబడ్డమా?"

హనుమాండ్లు ఆమె ముఖం చూసి నవ్వబోయాడు. రాలేదు.

* * *

పది రోజులకు విదేశీయుల ఆఫీసుకు రమ్మన్నారు. ఇంటి నుంచి ఐదుగురు, వాళ్ళతో జనార్ధనరావు. కిష్టమ్మ సిరిని పట్టుకుని బయట బెంచీ మీద కూర్చుంది.

లోపల ఆఫీసరు మర్యాదగల మనిషే. గొంతు పెంచలేదు. టేబుల్ మీద ఎడమవైపు హట్టన్ పెళ్ళి కాగితం పెట్టాడు. కుడివైపు రేషన్ కార్డు ప్రింటు, దాని పక్కన ఓటరు లిస్టు పేజీ.

"పెద్దాయనా, ఈ కాగితం ప్రకారం ఈమె మీ అబ్బాయి భార్య. ఈ కాగితం ప్రకారం మీ కూతురు, నాచారంలో పుట్టింది. మీ వీధిలో ముగ్గురు అదే చెప్పారు, సంతకాలు కూడా పెట్టారు. ఏది నిజం?"

హనుమాండ్లు రెండు కాగితాలనూ మార్చి మార్చి చూశాడు.

"రెండూ నిజమైతే, అన్న చెల్లెల్ని చేసుకున్నట్టు. అవునా?"

ఆయన వెటకారంగా అనలేదు. కాగితం చూసి ఉన్న మాట అన్నాడు, అంతే. కానీ శివశంకర్ ముఖం కందగడ్డయింది. తారామణి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జనార్ధనరావు కళ్ళద్దాలు తీసి హనుమాండ్లు వైపు చూశాడు. ఆ చూపులో కోపం కంటే అలసట ఎక్కువ ఉంది.

"సారూ, పానం మీదికొచ్చింది. ఆపరేషన్ గావాలె. గందుకే..."

"అర్థమైంది. కానీ విదేశీయురాలు భారతీయురాలినని చెప్పి కార్డు తీసుకుంది. ఓటు వేసింది. ఇది వీసా గడువు దాటిపోవడం లాంటిది కాదు. అదైతే జుర్మానాతో పోయేది. ఇది పోదు." ఆయన తారామణి వైపు తిరిగాడు. "దరఖాస్తు తిరస్కరిస్తున్నాం. దేశం విడిచి వెళ్ళాలని నోటీసు వస్తుంది. కేసు ఎవరి మీద అనేది స్టేషన్ వాళ్ళు తేలుస్తారు."

"పాప?" అన్నాడు శివశంకర్.

"పాప ఇక్కడ పుట్టింది. తల్లి అప్పుడు పొడిగించిన వీసా మీద ఉంది కాబట్టి పాప సంగతి వేరు, పాప భారతీయురాలే. కానీ పాస్‌పోర్టు లేదు కదా. ఇంటి కార్డు మీద కేసు నడుస్తుండగా పాపకు పాస్‌పోర్టు ఇప్పట్లో రాదు."

అంటే తను ఒక్కతే పోవాలని అందరికంటే ముందు తారామణికే అర్థమైంది. కుర్చీలోంచి లేచింది. లేచి మళ్ళీ కూర్చుంది. "ఐదేండ్ల పిల్ల సారూ," అంది. ఆఫీసరు కాగితాలు సర్దుకున్నాడు.

బయటకు వచ్చాక మెట్ల మీదే జనార్ధనరావు ఆగాడు.

"నేను అడిగాను కదండీ. దాచొద్దని చెప్పాను కదా."

"దాసలే సారూ. యాదికే రాలే. నాకు గది తప్పని తెల్వనే తెల్వదు."

జనార్ధనరావు చాలాసేపు మెట్టు అంచును చెప్పుతో రుద్దుతూ నిలబడ్డాడు. "సరే, ఇప్పుడొక్కటే ఉంది. కార్డు ఈ అమ్మాయి చేయించుకుంది అని తేలితే కేసు ఈమె మీద పడుతుంది. అప్పుడు పేరు బ్లాక్‌లిస్టులోకి పోతుంది. ఇక జన్మలో రానివ్వరు. వేరేవాళ్ళు చేయించారు, ఈమెకు తెలుగు చదవడం రాదు, తెలియదు అని తేలితే, అక్కడికి పోయి కొలంబో నుంచి మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవడానికి సందు ఉంటుంది. సందు మాత్రమే. నెలలో, ఏళ్ళో నాకు తెలియదు."

శివశంకర్ వెంటనే అన్నాడు. "నేనే జేసిన్నని చెప్త."

"నువ్వు కేసులో ఇరుక్కుంటే రేపు ఆమెను పిలిపించుకునే భర్తవు నువ్వే కదయ్యా? నువ్వు శుభ్రంగా ఉండాలి."

హనుమాండ్లు జేబులోంచి రుమాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. "జేసింది నేను. చెప్పెటోన్ని గూడ నేనే. గండ్ల ఆలోచన ఏమున్నది?"

* * *

స్టేషన్‌లో తెల్లకాగితం ఇచ్చారు. హనుమాండ్లుది ఆరో తరగతితో ఆగిపోయిన చదువు. అక్షరాలు గుండ్రంగా, పెద్దగా, గీత దాటి పోయేవి. అక్కడ రాతపని చూసే రైటర్ చెప్తుంటే ఆయన రాశాడు.

"నేను హనుమాండ్లు, నాచారం వాసిని. తారామణి అనే ఆమె పేరు నా కార్డులో నేనే రాయించితిని. ఆమెకు తెలియదు..."

"ఎవలు ఎక్కించిన్రు కంప్యూటర్ల?" అన్నాడు రైటర్.

హనుమాండ్లుకు నీరజ ముఖం కనబడింది. చికెన్ షాపు పక్క మడిగె, ఆమె ముసలి తల్లి. "చౌరస్తాల ఎవలో. యాదికి లేదు. ఎవలైనా నేను చెప్పిందే ఎక్కించిన్రు. తప్పు నాది."

"సరే. ఇప్పుడు రాయి. ఈమె నా కూతురు కాదు."

పెన్ను ఆగింది.

"కోడలు అని రాస్తే సాలదా సారూ?"

"సాలదు. కూతురు అని రాయించినవ్ గద. కాదని రాయాలె. లేకుంటే పనికిరాదు."

పక్క గదిలో ఎవరో ఫోన్‌లో కొడుకు ఫీజు గురించి గొడవ పడుతున్నారు. హనుమాండ్లు ఆ గొడవ అంతా విన్నాడు. తర్వాత వంగి, ఒక్కో అక్షరం మీద పెన్ను ఒత్తిపెట్టి రాశాడు. 'కాదు' దగ్గర కాగితం చిరిగింది. రైటర్ ఇంకో కాగితం ఇచ్చాడు. మళ్ళీ మొదటి నుంచి రాయాల్సి వచ్చింది. ఆ మాట రెండోసారి కూడా రాశాడు.

కేసు ఆయన మీద పడింది. జామీను మీద బయటకు వచ్చాడు. గల్లీవాళ్ళను పిలిచి మందలించి వదిలేశారు. శాంతాబాయి పదిహేను రోజులు వాళ్ళ గడప తొక్కలేదు. కోపంతో కాదు, ముఖం చెల్లక. తారామణికి వెళ్ళిపోవడానికి అనుమతి కాగితం వచ్చింది, తారీఖుతో సహా.

పోయే రోజు మధ్యాహ్నం కిష్టమ్మ పీట వేసింది. తారామణిని కూర్చోబెట్టి ఒడి పట్టమంది. పసుపు కలిపిన బియ్యం, ఎండు ఖర్జూరాలు, ఎండుకొబ్బరి కుడకలు, రవికె గుడ్డ. ఒడిబియ్యం. పెళ్ళైన కూతుర్ని పుట్టింటివాళ్ళు సాగనంపేటప్పుడు పోసే బియ్యం.

అప్పుడే గడప దగ్గరికి వచ్చిన శాంతాబాయి ఉండబట్టలేక అనేసింది. "ఓ వదినా, అత్త ఒడిబియ్యం పోస్తదా ఎక్కడన్న? తల్లి గద పోసేది!"

"తల్లి మంచంల ఉన్నది," అంది కిష్టమ్మ తల ఎత్తకుండా. "నువ్వు గూడ ఐదు దోసిళ్ళు పొయ్యి, రా."

శాంతాబాయి చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. పోస్తుంటే ఆమె చేతుల్లోంచి సగం బియ్యం కింద పడ్డాయి.

హనుమాండ్లు దూరంగా కూర్చుని చూస్తున్నాడు. కాదని రాసిన చేతులతో ఇప్పుడు ఆ ఒడిలో గింజ వేయడానికి ఆయనకు మనసొప్పలేదు. తారామణే ఒడి పట్టుకుని ఆయన దగ్గరికి వచ్చింది.

"మామా, నువ్వు పొయ్యవా?"

"నేనేం రాసిన్నో తెలుసు గద తల్లీ."

"తెలుసు. పొయ్యి."

పోశాడు. ఆమె ఆ బియ్యాన్ని మూట కట్టుకుంది. విమానంలో తీసుకుపోనిస్తారో లేదో ఎవరూ అడగలేదు.

ఉప్పల్ రింగ్‌రోడ్డు దగ్గర, మెట్రో స్తంభాల నీడలో ఎయిర్‌పోర్టు బస్సు కోసం నిలబడ్డారు. అమ్మమ్మను చూడటానికి అమ్మ పోతోందని సిరికి చెప్పారు. అది అబద్ధం కూడా కాదు. సిరి మాత్రం తల్లి ముక్కుపుడక మీద వేలు పెట్టి, తీయలేదు. బస్సు వచ్చాక శివశంకర్ ఆ వేలును మెల్లగా విడదీశాడు. తారామణి ఎక్కి కిటికీ దగ్గర కూర్చుంది. ఏడవలేదు. ముఖాన్ని అద్దానికి ఆనించి సిరినే చూసింది. బస్సు నాగోల్ వైపు తిరిగి కనబడకుండా పోయాక సిరి అడిగింది, "నేనెప్పుడు పోవాలె?"

తాత ఆమెకు చెరకు రసం తాగించాడు.

* * *

హట్టన్‌లో తల్లి కూతుర్ని గుర్తుపట్టలేదట. 'ఎవరమ్మా నువ్వు' అని అడిగిందట. ఆ సంగతి తారామణి వీడియో కాల్‌లో నవ్వుతూనే చెప్పింది.

మూడు నెలలకు కొలంబోలో వీసాకు దరఖాస్తు పెట్టింది. అక్కడి నుంచి ఒక కాగితం అడిగారు. ఇండియాలో ఉన్న కార్డుల్లోంచి ఈమె పేరు తీసేసినట్టు రుజువు. ఓటరు లిస్టులో ముందే తీసేశారు. రేషన్ కార్డు మిగిలింది.

హనుమాండ్లు సిరిని వెంటబెట్టుకుని నీరజ సెంటర్‌కు పోయాడు. ఆయనను చూడగానే ఆమె లేచి నిలబడింది. ఆయన స్టేషన్‌లో తన పేరు చెప్పలేదని ఆమెకు తెలుసు.

"పేరు తియ్యాలె బిడ్డా."

ఆమె కార్డు నంబరు కొట్టింది. ఐదు పేర్లు వచ్చాయి. సిరికి అక్షరాలు కొత్తగా వచ్చాయి. తెర మీద తన పేరు పట్టుకుంది. "గిది నాది. గిది అమ్మది!"

నీరజ తారామణి పేరు పక్కన గడిలో టిక్కు పెట్టింది. తెర మీద ఇంకో కిటికీ తెరుచుకుంది. ఆమె దాన్ని చూసి, హనుమాండ్లును చూసి, మళ్ళీ తెరనే చూసింది.

"ఏమంటున్నది?"

"కారణం అడుగుతున్నది కాకా. మూడే ఉన్నయ్. సచ్చిపోయింది. పెండ్లయి పోయింది. వేరే కార్డుకు మారింది."

"వేరే కార్డు ఏడున్నది? నిజం ఏదుంటే గది పెట్టు."

"నిజం గీ మూడిట్ల లేదు కాకా."

హనుమాండ్లు స్టూలు మీద కూర్చున్నాడు. నాలుగున్నరేళ్ళ కింద ఇదే స్టూలు. అప్పుడు 'పెట్టు' అనడానికి ఒక్క నిమిషం పట్టలేదు. ఇప్పుడు ఆ మాట అనడానికి భయమేసింది. మళ్ళీ తప్పుడు మాట ఎక్కితే, మళ్ళీ ఎవడో ఆఫీసరు రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి ఏది నిజమని అడిగితే?

"ఏదీ పెట్టకుండ తియ్యరాదా?"

"రాదు కాకా. ఉప్పల్ ఎమ్మార్వో ఆఫీసుల గూడ గిదే సిస్టం. అడిగి సూసిన."

చికెన్ షాపులో కత్తి చప్పుడు. సిరి తెరకు దగ్గరగా జరిగి, "తాతా, అమ్మ పేరు తీసేస్తే అమ్మ వస్తదా?" అని అడిగింది.

"తీసేస్తేనే వస్తదంటున్రు బిడ్డా."

వెనక ఇద్దరు ముగ్గురు వచ్చి నిలబడ్డారు. చివరికి హనుమాండ్లు నేల చూస్తూ అన్నాడు.

"పెండ్లయి పోయిందని పెట్టు."

నీరజ నొక్కింది. మిషన్ కాసేపు గురగురలాడి కాగితం బయటకు తోసింది. నాలుగున్నరేళ్ళ కింద ఏ కాగితం లేదని సిస్టం ఆపేసిందో, అదే కాగితం. పుట్టింటి కార్డులోంచి పేరు తీసేసిన కాగితం. ఇంటి యజమాని హనుమాండ్లు. సభ్యురాలు తారామణి. సంబంధం, కూతురు. కారణం, వివాహం.

హనుమాండ్లు దాన్ని రెండుసార్లు చదివాడు. స్టేషన్‌లో ఆయన కాదని రాసింది ఇక్కడ మళ్ళీ ఔనని వచ్చింది. ఇది కొలంబో పోతుంది. అక్కడ ఎవరో దీన్ని కోడలని రాసిన దరఖాస్తు పక్కన పెట్టి చూస్తారు.

"కాకా, లామినేషన్ చెయ్యాల్నా?" అంది నీరజ మెల్లగా.

"వద్దు."

కాగితాన్ని మడవకుండా రెండు చేతులతో పట్టుకున్నాడు. సిరికి పట్టుకోవడానికి చెయ్యి మిగల్లేదు. ఆమె తాత చొక్కా అంచు పట్టుకుని, రోడ్డు దాటేదాకా వదల్లేదు.